సిస్టమ్ స్లో అయిందా? ఫార్మాట్ కొట్టించే ముందు చదవాల్సిన ప్రశ్నలు, జవాబులు

గుంటూరు వైపు కంప్యూటర్ రిపేరు షాపు నాది. బల్ల మీద సిస్టమ్ పెట్టగానే ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: "కొత్తలో గుర్రంలా పరిగెత్తేది అన్నా, ఇప్పుడు ఆన్ చేసి వెళ్లి టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటోంది." ఆ వెంటనే రెండో మాట: "ఫార్మాట్ కొట్టేయ్." అంటే ఉన్నదంతా తుడిచి విండోస్ మళ్లీ వేయమని. జ్వరం ఎందుకొచ్చిందో చూడకముందే సెలైన్ ఎక్కించమన్నట్టు ఉంటుంది నాకు. అందుకే రోజూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ తీరిగ్గా జవాబులు రాస్తున్నాను. ఇందులో చాలావరకు విండోస్ 10, 11 గురించే.

వయసు పెరిగేకొద్దీ ప్రాసెసర్ కూడా నీరసిస్తుందా?

లేదు. కొన్న రోజు 2.4 గిగాహెర్ట్జ్‌తో నడిచిన ప్రాసెసర్ పదేళ్ల తర్వాతా అదే వేగంతో నడుస్తుంది. మనిషి మోకాళ్లలా అరిగిపోవడానికి అందులో కదిలే భాగమే లేదు. మారింది దాని మీద పడే బరువు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 ఎంబీ ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడుకునే మెమరీ) ఉంటే చాలన్నారు. 2009లో విండోస్ 7 వచ్చేసరికి 32 బిట్‌కి 1 జీబీ, 64 బిట్‌కి 2 జీబీ అడిగింది. 2021 నాటి విండోస్ 11 కనీసం 4 జీబీ అంటుంది. అంటే ఇరవై ఏళ్లలో 64 రెట్లు. అదీ కనీసం మాత్రమే, హాయిగా పనిచేయడానికి కాదు. హార్డ్‌వేర్ వేగం పెరిగేదానికన్నా త్వరగా సాఫ్ట్‌వేర్ బరువెక్కిపోతోందని స్విట్జర్లాండ్ కంప్యూటర్ శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ 1995లోనే వాపోయాడు. ఆయన చెప్పింది బ్రౌజర్‌లో నలభై ట్యాబ్‌లు తెరిచే రోజులు రాకముందు!

ఇందులో ఒక మినహాయింపు ఉంది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే భద్రతా లోపాలు బయటపడ్డాయి. వాటిని పూడ్చడానికి ఇచ్చిన అప్‌డేట్ల వల్ల పాత ప్రాసెసర్లు నిజంగానే కొంత నెమ్మదించాయి.

నిజంగా ముసలివయ్యేవి వేరే ఉన్నాయి: హార్డ్ డిస్క్, ఫ్యాన్, ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్ట్, ల్యాప్‌టాప్ బ్యాటరీ. వాటి సంగతి కింద చెప్తాను.

లోపం ఎక్కడుందో నాకు నేనే తెలుసుకోవడం ఎలా?

నన్నడిగితే ఈ పేజీలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. కీబోర్డ్ మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పైన సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్, నెట్‌వర్క్ అని నాలుగు వరుసలు, ఒక్కోదాని మీద ఒక శాతం కనిపిస్తాయి. సిస్టమ్ ఆన్ చేసిన మొదటి రెండు మూడు నిమిషాలు అన్నీ ఎగిసిపడతాయి, అది పట్టించుకోకండి. ఐదు నిమిషాలు ఆగి, మీరు రోజూ చేసే పని మొదలుపెట్టి, సరిగ్గా అది మొరాయించినప్పుడు చూడండి.

డిస్క్ మాత్రమే 100 దగ్గర అతుక్కుపోయి మిగతావి తక్కువగా ఉంటే జబ్బు హార్డ్ డిస్క్‌ది. మెమరీ 85, 90 దాటితే ర్యామ్ చాలడం లేదు. ఏ ప్రోగ్రామూ తెరవకుండానే సీపీయూ పైన తిరుగుతుంటే ఏదో వెనకాల పనిచేస్తోంది. ఆ వరుస పేరు మీద నొక్కితే ఎవరు తింటున్నారో పైకి వస్తారు. నాలుగూ ప్రశాంతంగా ఉండి వెబ్‌సైట్ మాత్రం రావడం లేదా? మీ సిస్టమ్‌కి ఏ రోగమూ లేదు, నెట్ స్లో. ఫోన్‌లో అదే వైఫై మీద అదే సైట్ తెరిచి చూస్తే తేలిపోతుంది. రూటర్ రెండు గదుల అవతల ఉంటే ముందు సిస్టమ్‌ని దాని పక్కకి తీసుకెళ్లి చూడండి.

ఓ మందుల షాపాయన బిల్లు రావడానికి నిమిషం పడుతోందని సీపీయూ డబ్బా మోసుకొచ్చాడు. ఆయన అడిగింది "పెద్ద ర్యామ్". టాస్క్ మేనేజర్ తెరిస్తే మెమరీ 46 శాతం, డిస్క్ 100 శాతం, దాని కింద వేగం సెకనుకి 1.2 ఎంబీ. ర్యామ్ వేసి డబ్బులు తీసుకుంటే నెల తిరక్కుండా ఆయన మళ్లీ వచ్చేవాడు.

డిస్క్ 100 శాతం, కానీ వేగం 1 ఎంబీయే. ఇదేం లెక్క?

సాధారణ హార్డ్ డిస్క్ లోపల ఒక పళ్లెం తిరుగుతుంటుంది, దాని మీద ఒక సూది లాంటి హెడ్ అటూ ఇటూ జరుగుతుంటుంది. పాత గ్రామఫోన్ రికార్డు గుర్తుకు తెచ్చుకోండి. ల్యాప్‌టాప్ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకి 11 మిల్లీ సెకన్లు. కావాల్సిన ముక్క హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. హెడ్ అక్కడికి జరగడానికి ఇంకో పదో పన్నెండో మిల్లీ సెకన్లు. మొత్తం మీద ఒక్కో ముక్కకీ 15 పైచిలుకు. సెకనుకి అరవై డెబ్బై ముక్కలు తేవడమే దాని శక్తి. సినిమా లాంటి ఒకే పెద్ద ఫైలైతే పక్కపక్కనే ఉంటుంది కాబట్టి సెకనుకి 100 ఎంబీ పైనే చదివేస్తుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు అలా కాదు, వేలకొద్దీ చిల్లర ఫైళ్లు అక్కడక్కడ పడి ఉంటాయి. ఒక్కో ముక్క 4 కేబీ అనుకుంటే, సెకనంతా ఊపిరాడకుండా పరిగెత్తినా వచ్చేది 300 కేబీ లోపే. అందుకే 100 శాతం బిజీ, పని మాత్రం గుప్పెడు.

హార్డ్ డిస్క్‌కి బదులు వాడే చిప్‌ల డిస్క్ ఎస్ఎస్‌డీ. అందులో తిరిగేదీ జరిగేదీ లేదు. ముక్క ఎక్కడున్నా దాదాపు 0.1 మిల్లీ సెకనులో అందుకుంటుంది, నూరు రెట్లకు పైగా తేడా. పాత కంప్యూటర్‌కి ఒకే ఒక్క ఖర్చు పెట్టగలిగితే ఇది పెట్టండి. ఆ మందుల షాపు సిస్టమ్ 2015 నాటిది. ప్రాసెసర్ మార్చలేదు, ర్యామ్ ముట్టుకోలేదు. ఎస్ఎస్‌డీ వేసి అదే విండోస్‌ని ఉన్నదున్నట్టు అందులోకి కాపీ (క్లోన్) చేశాను. స్విచ్ వేశాక బిల్లు తెర రావడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఆయన నమ్మలేక రెండుసార్లు ఆపి వేసి చూశాడు.

అయితే ఎస్ఎస్‌డీ కొనేస్తాను. ఏం చూసుకోవాలి?

ముందు మీ సిస్టమ్‌లో ఏది పడుతుందో తెలుసుకోండి. 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ని బోర్డుకి కలిపే పాత పద్ధతి) రకం పాత ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు చాలావాటిలో పడుతుంది. సెకనుకి 500 ఎంబీ దాకా ఇస్తుంది. చూయింగ్ గమ్ ముక్కలా ఉండే ఎం.2 రకంలో మళ్లీ రెండు జాతులు: ఒకటి సాటా, ఇంకోటి ఎన్‌వీఎంఈ. ఆకారం ఒకటే, భాష వేరు. ఎన్‌వీఎంఈ కాగితం మీద ఆరేడు రెట్ల వేగం చూపిస్తుంది. కానీ ఆఫీసు పనికి, బిల్లింగ్‌కి, బ్రౌజింగ్‌కి హార్డ్ డిస్క్ నుంచి సాటాకి మారినప్పుడు కనిపించేంత తేడా, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు కనిపించదు. పాత బోర్డులో సాటా స్లాట్ మాత్రమే ఉంటే బాధపడాల్సింది లేదు.

పాత హార్డ్ డిస్క్ పారేయక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ ఉంటే దాన్ని తీసి, క్యాడీ అనే చట్రంలో హార్డ్ డిస్క్ బిగించి ఆ స్థానంలో దూర్చవచ్చు. ఫొటోలు, పాటలు అందులో ఉంటాయి, విండోస్ ఎస్ఎస్‌డీలో ఉంటుంది. ధరలు 2025 చివరి నుంచి పెరుగుతున్నాయి కాబట్టి నిరుటి రేటు పట్టుకుని బేరమాడకండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అయినా మీ ఊళ్లో అయినా ఒకేరోజు రెండు మూడు చోట్ల అడిగి, బిల్లు, వారంటీ ఉన్నదే తీసుకోండి. పేరూ ఊరూ లేని 2 టీబీ డిస్క్ చవగ్గా వస్తోందంటే అందులో నిజంగా ఎంత ఉంటుందో దేవుడికే తెలియాలి.

ఒక రకం ల్యాప్‌టాప్‌లకు మాత్రం ఈ వైద్యం దాదాపు కుదరదు. చవకలో వచ్చిన సెలెరాన్ (ఇంటెల్ చవక ప్రాసెసర్) చిన్న ల్యాప్‌టాప్‌ల్లో 32 లేదా 64 జీబీ ఈఎంఎంసీ (డిస్క్ బదులు వాడే చిప్) బోర్డుకే అతికించి ఉంటుంది, ర్యామ్ కూడా అంతే. వేరే స్లాట్ ఏదైనా ఉంటే అదృష్టం.

ర్యామ్ ఎంత ఉండాలి?

4 జీబీతో విండోస్ 10, 11 బతుకుతాయి, అంతే. 8 జీబీ ఉంటే ఇంటి పని, చదువు, టాలీ హాయిగా నడుస్తాయి. వీడియో ఎడిటింగ్, ప్రోగ్రామింగ్ చేసే పిల్లలకు 16. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సరుకుని డిస్క్ మీదికి తోసి, కావాల్సినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. డిస్క్ కూడా పాతదైతే ఇక గోరుచుట్టు మీద రోకటి పోటే.

కొనేముందు పాత ర్యామ్ ఏ తరమో చూడండి. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు, మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కి స్లాట్ విరగ్గొట్టుకున్నవాళ్లను చూశాను. ఇంకో మాట, 32 బిట్ విండోస్ ఉంటే మీరు 8 జీబీ వేసినా అది 4కి మించి వాడుకోలేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద అబౌట్‌లో ఆ వివరం ఉంటుంది.

కొత్త ర్యామ్ కొనే ముందు బ్రౌజర్ ట్యాబ్‌లు లెక్కపెట్టుకోండి. క్రోమ్ దాదాపు ప్రతి సైట్‌నీ విడి ప్రోగ్రామ్‌గా నడుపుతుంది. ఒకటి కూలినా మిగతావి నిలబడాలని ఆ ఏర్పాటు, దానికి చెల్లించే మూల్యం ర్యామ్. క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఆన్ చేస్తే వాడని ట్యాబ్‌లు నిద్రపోతాయి. ఎడ్జ్‌లో కూడా ఇలాంటిదే ఉంది.

ఫార్మాట్ కొడితే స్పీడ్ అవుతుంది కదా?

అవుతుంది, కొన్నాళ్లు. ఎందుకంటే ఫార్మాట్ చేసినప్పుడు స్టార్టప్‌లో, అంటే సిస్టమ్ ఆన్ కాగానే తమంతట తాము లేచేలా, పోగైన ప్రోగ్రాములన్నీ పోతాయి. అవి మాత్రమే కారణమైతే, టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ అనే చోటికి వెళ్లి అక్కర్లేనివాటి మీద రైట్ క్లిక్ చేసి డిజేబుల్ చేస్తే పది నిమిషాల్లో అదే ఫలితం వస్తుంది. ప్రింటర్ అప్‌డేటర్, గేమ్ లాంచర్, మీటింగ్ యాప్‌లు పొద్దున్నే లేచి కూర్చోవాల్సిన పనిలేదు. యాంటీవైరస్‌నీ టచ్‌ప్యాడ్, సౌండ్ డ్రైవర్లనీ మాత్రం వదిలేయండి. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) వాడనివాళ్లు దాన్నీ ఆపొచ్చు.

కారణం హార్డ్ డిస్క్ అయితే ఫార్మాట్ వల్ల ఒరిగేది లేదు. టైరులో గాలి లేని బండికి వాటర్ సర్వీసింగ్ చేయించినట్టు. పైగా ఫార్మాట్‌లో సీ డ్రైవ్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో ఉన్నవి సీ డ్రైవ్‌లోనే ఉంటాయన్న సంగతి చాలామందికి గుర్తుండదు. "నా డేటా అంతా డీ డ్రైవ్‌లో ఉంది, కొట్టేయండి" అన్నాయన, సాయంత్రం పెళ్లి ఫొటోలేవని అడిగాడు. అవి డెస్క్‌టాప్ మీదున్నాయి. అదృష్టం బాగుండి నేను ముందే మొత్తం కాపీ తీసి పెట్టాను. అప్పటినుంచి ఎవరేం చెప్పినా కాపీ తీయకుండా ఫార్మాట్ చేయను.

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్ కొడుతుంటే ఏమైనా ఉపయోగమా?

ఐకాన్లను మళ్లీ ఒకసారి గీస్తుంది. అంతకుమించి ఏమీ లేదు. ర్యామ్ ఖాళీ అవదు, వేగం పెరగదు. మన ఇన్‌స్టిట్యూట్‌లలో మౌస్ పట్టుకోవడంతో పాటు నేర్పించిన అలవాటు. నేనూ ఇప్పటికీ కొడుతుంటాను, చెయ్యి ఆగదు.

రోజూ షట్‌డౌన్ చేస్తున్నా కదా, అయినా ఎందుకు బరువెక్కుతోంది?

విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రాములు మూసుకుంటాయి గానీ విండోస్ లోపలి భాగం పూర్తిగా దిగిపోదు, తన స్థితిని డిస్క్ మీద రాసుకుని పడుకుంటుంది. మర్నాడు అక్కడినుంచే లేస్తుంది. పేరుకుపోయిన చిక్కులు కూడా దాంతోపాటే లేస్తాయి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ నొక్కి కింద అప్ టైమ్ చూడండి. రోజూ ఆపేవాళ్లకు కూడా పన్నెండు రోజులు, ఇరవై రోజులు అని ఉంటుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా మొదటినుంచి లేస్తుంది. వారానికోసారి రీస్టార్ట్ చేయండి చాలు.

సీ డ్రైవ్ ఎర్రగా అయిపోయింది. ఏం తీసేయొచ్చు?

సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. ఈ వరుసలో వెళ్తే తీసేయదగ్గవి జాబితాగా చూపిస్తుంది. ఒక్క హెచ్చరిక: ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అనే గడి కూడా ఉంటుంది. మామూలుగా టిక్ ఉండదు, అన్నీ తీసేద్దామని టిక్ పెడితే మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తం పోతుంది. హాల్ టికెట్లు, ఆధార్ పీడీఎఫ్‌లు ఉండేది అక్కడే కదా. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత పాత విండోస్ ఒక ఫోల్డర్‌లో పది, ఇరవై జీబీలు ఆక్రమించుకుని ఉంటుంది. మామూలుగా పది రోజుల తర్వాత తనంతట తానే పోతుంది.

ఎస్ఎస్‌డీ నిండా కుక్కితే అది కూడా నెమ్మదిస్తుంది. కొత్తది రాయాలంటే పాత గదులు ఖాళీ చేసుకోవాలి, ఆ సర్దుబాటుకి చోటు కావాలి. నూటికి పదిహేను ఇరవై వంతులైనా ఖాళీ ఉంచండి. డీఫ్రాగ్ (చెల్లాచెదురుగా ఉన్న ఫైలు ముక్కల్ని పక్కపక్కన చేర్చడం) అనేది తిరిగే హార్డ్ డిస్క్‌కి చేసే పని, ఎస్ఎస్‌డీకి విడిగా డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ తెచ్చి నడపకండి. దానికి కావాల్సిన, ఖాళీ గదుల్ని సర్దే ట్రిమ్ అనే పని విండోస్ తానే చేసుకుంటుంది.

ఒక్క క్లిక్‌తో స్పీడ్ పెంచే క్లీనర్ సాఫ్ట్‌వేర్లు?

వద్దు. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు) క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించమని మైక్రోసాఫ్టే చెప్తోంది. "మీ సిస్టమ్‌లో 1,847 లోపాలు" అని ఎర్రక్షరాలతో బెదిరించి డబ్బు అడిగేవి సగం లోపాలు తామే కల్పిస్తాయి. అలాగే రెండు యాంటీవైరస్‌లు వేస్తే రెట్టింపు రక్షణ అనుకోకండి, ఒక ఫైలు తెరిస్తే ఇద్దరూ తనిఖీ చేస్తారు. ఒక గుమ్మం దగ్గర ఇద్దరు వాచ్‌మెన్ కొట్టుకుంటే లోపలికి వెళ్లేదెవరు? విండోస్‌తో వచ్చే డిఫెండర్ మామూలు వాడకానికి చాలు.

ఎండాకాలంలోనే స్లో అవుతుంది, వానాకాలంలో బాగుంటుంది. నిజమేనా?

నిజమే. ప్రాసెసర్ వేడి 95, 100 డిగ్రీల దగ్గరికి వెళ్తే అది కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గదిలో గాలి కన్నా చల్లగా చేయలేదు. మే నెలలో మా వైపు బయట 44, 45 డిగ్రీలు, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. దానికి దుమ్ము తోడైతే చెప్పక్కర్లేదు.

ఓసారి మిర్చి వ్యాపారం చేసే కొట్టు నుంచి ఒక డబ్బా వచ్చింది. గంట పనిచేశాక నత్తనడక అని కంప్లైంట్. పక్క మూత తీయగానే నేనూ, మా కుర్రాడూ ఆపకుండా తుమ్ములు. హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మె) రెక్కల మధ్య ఎర్రటి దుమ్ము, నూలు పోగులు కలిసి చిన్న దుప్పటిలా అల్లుకున్నాయి. ఫ్యాన్ తిరుగుతోంది గానీ గాలి అవతలికి పోవడం లేదు. డబ్బాని బయటికి తీసుకెళ్లి, మూతికి గుడ్డ కట్టుకుని, ఫ్యాన్ రెక్కని అగ్గిపుల్లతో కదలకుండా పట్టి బ్లోయర్ కొట్టాం. అలా పట్టకపోతే బ్లోయర్ గాలికి ఫ్యాన్ అదుపు తప్పి తిరిగి బేరింగ్ పాడవుతుంది. పాత థర్మల్ పేస్ట్ ఎండి సున్నంలా రాలింది, తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెట్టాం. ముందు 97 డిగ్రీలున్నది 68కి దిగింది. ఒక్క పార్టు కొనలేదు.

ల్యాప్‌టాప్‌ని పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడకండి. కింది కన్నాలు మూసుకుపోతాయి. రాత్రిపూట పిల్లలు సినిమా చూసేది అలాగే కాబట్టి ఈ మాట ఎవరూ వినరు, అయినా చెప్తున్నాను.

ల్యాప్‌టాప్ ఒక్కసారిగా, రాత్రికి రాత్రే స్లో అయిపోయింది. ఎందుకు?

మెల్లమెల్లగా కాకుండా ఉన్నట్టుండి అయితే ముందు ఛార్జర్ చూడండి. ఒక డిగ్రీ విద్యార్థి ల్యాప్‌టాప్ తెచ్చాడు, రెండు చోట్ల ఫార్మాట్ చేయించాడట. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వేగం 0.79 గిగాహెర్ట్జ్ దగ్గర మేకు కొట్టినట్టు నిలిచిపోయింది, ఏం తెరిచినా కదలదు. ఛార్జర్ తీసేసి ఇంకోటి పెట్టగానే 2.8కి ఎగిరింది. అతను పాతది పోయిందని వేరే ఛార్జర్ కొన్నాడు. కొన్ని ల్యాప్‌టాప్‌లు తగిన ఛార్జర్‌ని గుర్తుపట్టలేకపోతే భయపడి ప్రాసెసర్‌ని పూర్తిగా కట్టేస్తాయి. టైప్ సీ ఛార్జర్లలో కూడా 65 వాట్లు కావాల్సిన చోట ఫోన్ ఛార్జర్ పెడితే ఇలాగే ఇబ్బంది వస్తుంది.

అది కాకపోతే బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉండిపోయిందేమో, విండోస్ అప్‌డేట్ వెనకాల దిగుతోందేమో చూడండి. అప్‌డేట్ అయితే గంటో రెండు గంటలో వదిలేస్తే సర్దుకుంటుంది.

వైరస్ వల్ల స్లో అవుతుందా?

అవుతుంది గానీ జనం అనుకున్నంత తరచుగా కాదు. నేను ఎక్కువగా చూసేది క్రాక్ సాఫ్ట్‌వేర్లతో వచ్చేవి. ఉచితంగా యాక్టివేట్ చేసే చిన్న ప్రోగ్రామ్ నడిపేముందు అది యాంటీవైరస్ ఆపమంటుంది. దొంగ వచ్చి కుక్కని కట్టేయమన్నట్టు. కొన్నింటిలో క్రిప్టో కరెన్సీ తవ్వే ప్రోగ్రామ్ ఉంటుంది. ఏ పనీ లేకుండా ఫ్యాన్ హోరెత్తుతుంటే, టాస్క్ మేనేజర్ తెరిచిన వెంటనే నెమ్మదిస్తే అనుమానించండి, దొరక్కుండా ఉండటానికి అలా దాక్కునేవి ఉన్నాయి. విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది, అది నడపండి. ఇక "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని బ్రౌజర్‌లో అరిచే పేజీలు వైరస్‌లు కావు, మోసాలు. మూసేయండి. ఫోన్ చేసి రిమోట్ యాప్ వేయించుకుంటే అప్పుడు పోయేది స్పీడ్ కాదు, బ్యాంకు ఖాతా.

మా డీటీపీ సెంటర్‌లో పేజ్‌మేకర్ తెరుచుకోవడానికే రెండు నిమిషాలు.

తెలుగు నాట ఇది ప్రత్యేకమైన కేసు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, 2001లో వచ్చింది. అను ఫాంట్లతో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి. అంత పాత ప్రోగ్రామ్‌కి ఈనాటి సిస్టమ్ ఏ మూలకీ చాలకపోవడం ఉండదు. ఫాంట్స్ ఫోల్డర్ తెరిచి ఎన్నున్నాయో చూడండి. ఒక ఆపరేటర్ దగ్గర మూడు వేల పైన లెక్క తేలింది, పెన్‌డ్రైవ్‌లో ఎవరు ఏం తెచ్చినా ఇన్‌స్టాల్ చేశాడు. ప్రోగ్రామ్ తెరిచేటప్పుడు వాటన్నిటి జాబితా తయారవ్వాలి. వాడనివి వేరే ఫోల్డర్‌లో దాచి, రెండొందలు ఉంచాం. పాత విండోస్ మీదున్న డీటీపీ సిస్టమ్‌ని నెట్‌కి తగిలించకండి. ఫైళ్లు పంపడానికి పక్కన ఇంకో సిస్టమ్ పెట్టుకోండి.

విండోస్ 10 కాలం చెల్లింది కదా, నా పాత సిస్టమ్ పారేయాలా?

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. మద్దతు ఆగినంత మాత్రాన సిస్టమ్ స్లో అవదు, ప్రమాదం వేరు, వేగం వేరు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ప్రాసెసర్ ఇంటెల్‌లో అయితే దాదాపు 8వ తరం నుంచి ఉండాలి. లేకపోయినా అడ్డదారిలో వేసే కిటుకులు ఉన్నాయి. నేను నా సొంత సిస్టమ్‌లో చేశాను, కస్టమర్ల సిస్టమ్‌లో చేయను, రేపు అప్‌డేట్ రాకపోతే జవాబు చెప్పాల్సింది నేనే కాబట్టి.

బ్రౌజింగ్, యూట్యూబ్, పిల్లల చదువు మాత్రమే అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి. 2 జీబీ ర్యామ్‌తో మొదలవుతుంది, 4 ఉంటే బాగుంటుంది. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ లేఅవుట్లు దొరుకుతాయి. టాలీ, పేజ్‌మేకర్ మీద బతికేవాళ్లు మాత్రం దాని జోలికి వెళ్లకండి.

మ్యాక్ కూడా ఇలాగే స్లో అవుతుందా?

కారణాలు అవే, వైద్యం తక్కువ. టాస్క్ మేనేజర్ బదులు యాక్టివిటీ మానిటర్ తెరిచి మెమరీ ప్రెషర్ ఎక్కువగా ఉందేమో చూడండి. 2020 నుంచి వచ్చిన ఆపిల్ సొంత చిప్‌ల మ్యాక్‌లలో ర్యామ్ తర్వాత పెంచుకునే వీలు లేదు, కొనేటప్పుడే ఆలోచించుకోవాలి.

హార్డ్ డిస్క్ పోయేలా ఉందని ఎలా తెలుస్తుంది?

ఒక ఫోల్డర్ తెరిస్తే మాత్రమే సిస్టమ్ బిగుసుకుపోవడం, కాపీ చేస్తుంటే ఒక ఫైలు దగ్గర ఆగిపోవడం, లోపలినుంచి టిక్ టిక్ మని శబ్దం. ఇవి స్లో అవడం కాదు, డిస్క్ చావుబతుకుల్లో ఉందని చెప్పడం. కరెంటు పోయిన ప్రతిసారీ యూపీఎస్ లేకుండా టప్పున ఆగిపోయే సిస్టమ్‌లలో ఇది ఎక్కువ. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ డిస్క్ ఆరోగ్యం చూపిస్తుంది. నీలం అయితే బాగున్నట్టు, పసుపు రంగులో కాషన్ అని వస్తే ఆ రోజే ముఖ్యమైనవి వేరే చోటికి కాపీ చేయండి. అలాంటి డిస్క్ మీద డీఫ్రాగ్, చెక్ డిస్క్, ఫార్మాట్ ఏదీ నడపకండి. ముందు ఫొటోలు, ఖాతాల డేటా, ఆ తర్వాత చోటుంటే సినిమాలు. టిక్ టిక్ మంటుంటే స్విచ్ ఆపేసి, ఇక ఆన్ చేయకుండా తీసుకురండి.